మూడు ఫేజుల ఇంటికి ఒక ఫేజు జనరేటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానాకాలం మొదలయ్యేసరికి ఈ శీర్షికకు జనరేటర్ ఉత్తరాలు ఎక్కువవుతాయి. చాలామందిది ఒకటే పరిస్థితి. ఇంటికి త్రీ ఫేజ్ సర్వీసు ఉంటుంది, బడ్జెట్‌లో దొరికిన జనరేటర్ సింగిల్ ఫేజ్. ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఒక్కచోట పెట్టి జవాబులు ఇస్తున్నాం.

మాది 8 కిలోవాట్ల త్రీ ఫేజ్ సర్వీసు. 5 కేవీఏ సింగిల్ ఫేజ్ డీజిల్ జనరేటర్ కొన్నాం. ఒక ఎలక్ట్రీషియనేమో మూడు ఫేజులూ కలిపేస్తే ఇల్లంతా వెలుగుతుందంటాడు. ఇంకొకాయన కలిపితే ఇల్లు తగలబడుతుందంటాడు. ఎవరి మాట వినాలి? (కాకినాడ)

ఇద్దరూ సగం సగం చెప్పారు. ఎక్కడ కలుపుతారన్నదే అసలు విషయం. డీబీలో (ఇంటి సర్క్యూట్ల స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) గానీ మీటరు వైపు గానీ మూడు ఫేజులు కలిపారంటే కరెంటోళ్ల సప్లయి వచ్చిన క్షణంలో ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టుల షార్టు అవుతుంది. రెండో ఆయన భయం అదే. కలపడానికి సరైన చోటు ఒకటే ఉంది: చేంజోవర్ స్విచ్‌లో, అంటే ఇంటిని లైను నుంచి జనరేటర్ మీదికి మార్చే స్విచ్‌లో, జనరేటర్ వైపు టెర్మినళ్లు.

మీకు కావలసింది 4 పోల్ చేంజోవర్, అంటే మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ ఒకేసారి మార్చేది. 8 కిలోవాట్ల లోడుకు ఫేజుకు 12, 13 ఆంపియర్లకు మించదు కాబట్టి 40 ఆంపియర్లది చాలు. షాపులో 63 ఆంపియర్లది సులువుగా దొరికితే అదే తీసుకోండి. హ్యాండిల్ 1 (లైను), 0 (ఆఫ్), 2 (జనరేటర్) అని మూడు స్థానాల్లో ఆగాలి. స్విచ్‌లో మొత్తం 12 టెర్మినళ్లు ఉంటాయి. మొదటి నాలుగింటికి మీటరు దగ్గర్నుంచి మెయిన్ ఎంసీబీ (లోడు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్) మీదుగా వచ్చే ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నల్ల న్యూట్రల్. ఇంకో నాలుగు ఇంటి డీబీకి వెళ్లేవి. మిగిలిన నాలుగు జనరేటర్‌వి. ఆ నాలుగింట్లో మూడు ఫేజు టెర్మినళ్లను 6 స్క్వేర్ (చదరపు మి.మీ.) రాగి వైరు ముక్కలు రెండింటితో, రెండు కొసలా లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగులు) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, ఒకదానికొకటి కలపాలి. జనరేటర్ ఫేజు వైరు ఆ మూడింట్లో ఏదో ఒకదానికి బిగిస్తే చాలు. నాలుగో టెర్మినల్‌కు జనరేటర్ న్యూట్రల్. ఆకుపచ్చ ఎర్త్ వైరు ఈ స్విచ్ గుండా పోదు. జనరేటర్ బాడీ నుంచి నేరుగా ఇంటి ఎర్త్‌కు వెళుతుంది.

లగ్గు లేకుండా వైరు కొస మెలిపెట్టి స్క్రూ కింద దూర్చేస్తారు కొందరు. జనరేటర్ నడిచేటప్పుడు ఇంటి కరెంటంతా మొదటి టెర్మినల్ మీదుగానే మిగతా రెండింటికీ పోతుంది కాబట్టి, బిగుతు సరిగా లేకపోతే ముందు కాలేది ఆ జాయింటే.

జనరేటర్ దగ్గర 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ పెట్టండి. 5 కేవీఏ అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 21.7 ఆంపియర్లు. అక్కడినుంచి చేంజోవర్‌కు 20 మీటర్ల లోపు దూరమైతే 4 స్క్వేర్ రాగి కేబులు సరిపోతుంది. పూర్తి లోడు మీద దాదాపు 4 వోల్టులు మాత్రమే తగ్గుతుంది. అంతకంటే దూరమైతే 6 స్క్వేర్ వేయండి.

ఇప్పుడు మీ ఇంట్లో మూడు ఫేజులకూ ఒకే ఫేజు వస్తుంది. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ నడుస్తాయి. కానీ 5 కేవీఏ అన్నది మూడు ఫేజులకూ కలిపి 5 కేవీఏ. 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) దగ్గర 4 కిలోవాట్లు. ఆరు ఫ్యాన్లు 450 వాట్లు, పది ఎల్ఈడీలు 200, ఫ్రిజ్ 200, టీవీ 100, ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ 1,500 నుంచి 1,700. ఇక్కడికే దాదాపు రెండున్నర కిలోవాట్లు అయింది. దీని మీద 2 కిలోవాట్ల గీజరు ఎవరైనా వేశారంటే ఇంజను మూలుగుతుంది, వోల్టేజీ కిందికి జారుతుంది, ఆ తక్కువ వోల్టేజీ మీద ఫ్రిజ్ కంప్రెసర్ తిరగలేక వేడెక్కుతుంది. అందుకని గీజరు, ఇండక్షన్ పొయ్యి, రెండో ఏసీ ఎంసీబీల మీద ఎర్ర స్టిక్కరు అంటించండి. జనరేటర్ వేసే ముందు ఎర్ర స్టిక్కర్లన్నీ కిందికి దించాలని ఇంట్లో అందరికీ తెలియాలి.

వేసే వరుస ఇది. ముందు పెద్ద లోడ్లు ఆపి, చేంజోవర్‌ను 0 కి తేవాలి. జనరేటర్ స్టార్టు చేసి రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. వోల్టు మీటరులో 225, 235 వోల్టుల మధ్య నిలబడ్డాక 2 కి తిప్పాలి. మోటారు ఉన్న లోడు ముందు వేయాలి, లైట్లు తర్వాత. స్టార్టయ్యేటప్పుడు మోటారు మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది, అప్పటికి జనరేటర్ ఖాళీగా ఉంటేనే తట్టుకుంటుంది. లైన్లో కరెంటు వచ్చిందో లేదో తెలియడానికి చేంజోవర్‌కు ముందు, సప్లయి వైపున, మూడు చిన్న ఇండికేటర్ దీపాలు పెట్టించండి. ఈ ఖర్చు దండగ కాదు. మూడూ వెలిగితేనే 1 కి తిప్పండి. రెండే వెలిగితే ఇంకాసేపు ఆగండి.

ఇంత పని ఎందుకు, ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ ఉంటే చాలనుకునేవాళ్లకు ఇంకా మంచి మార్గం ఉంది. ముఖ్యమైన సర్క్యూట్లను వేరే చిన్న సింగిల్ ఫేజ్ డీబీలోకి మార్పించి, దానికి మాత్రం 2 పోల్ చేంజోవర్ పెట్టుకోవడం. కొత్తగా కట్టే ఇళ్లయితే ఈ పద్ధతే ఎంచుకోండి. గీజరు జనరేటర్ మీదికి వచ్చే అవకాశమే ఉండదు.

జనరేటర్ ప్లగ్గును హాల్లో సాకెట్టుకే పెట్టి, మెయిన్ ఆపుకుంటే సరిపోదా? వైరు ఒక షాపువాళ్లు తయారు చేసిచ్చారు. (తణుకు)

రెండు కొసలకూ మగ ప్లగ్గులున్న వైరు అన్నమాట. ఒక కొస జనరేటర్‌కు పెట్టగానే రెండో కొస పిన్నుల మీద 230 వోల్టులు బయటికి ఉంటాయి, పిల్లవాడి చేతికి అందే ఎత్తులో. అది కోసి పారేయండి.

మెయిన్ ఆపడం మరిచిపోతే ఏమవుతుందో కూడా తెలియాలి. మీ 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్తాయి. 11 కేవీని 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ అటునుంచి వస్తే పెంచే ట్రాన్స్‌ఫార్మర్ అవుతుంది. పై లైను మీద 10 వేల వోల్టుల దాకా వస్తుంది. వీధిలో అందరి లోడూ మీద పడి జనరేటర్ దానంతట అదే ఆగిపోతుందిలే అన్న ధీమా పనికిరాదు. గాలివానకు మీ స్తంభానికి అవతలే తీగ తెగిపడి ఉంటే ఆ తీగకు లోడు ఉండదు, జనరేటర్ ఆగదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, లైన్‌మెన్లు రాత్రింబవళ్లు స్తంభాల మీదే ఉన్నారు. అలాంటప్పుడే ఇళ్లలో జనరేటర్లు బయటికి వస్తాయి.

మా డీబీలో మూడు ఫేజ్ సెలెక్టర్లు ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక స్థానం ఖాళీగా ఉంది. జనరేటర్ ఫేజు అక్కడ ఇచ్చేస్తే చేంజోవర్ ఖర్చు తప్పుతుంది కదా? (కరీంనగర్)

తప్పదు. ఫేజ్ సెలెక్టర్ పని, ఒక ఫేజు పోయినప్పుడు ఆ లోడును ఇంకో ఫేజు మీదికి మార్చడం. అది ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్‌ను ముట్టదు. అంటే జనరేటర్ న్యూట్రల్, కరెంటోళ్ల న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటాయి. కలిసి ఉంటే ఏంటంటారా? చిన్న జనరేటర్లను ప్లగ్గుతోనే కలుపుతుంటారు. సాకెట్టులోనో ప్లగ్గులోనో వైర్లు తారుమారైతే ఫేజు న్యూట్రల్ మీదికి వస్తుంది. అప్పుడు స్తంభం మీది న్యూట్రల్ తీగ, అందరూ చనువుగా ముట్టుకునే తీగ, 230 వోల్టులతో ఉంటుంది. పైగా మూడు సెలెక్టర్లూ దేని దారి దానిది. ఒకటి లైను మీద, రెండు జనరేటర్ మీద మరిచిపోతే ఒకే గదిలో పక్కపక్క బోర్డుల మధ్య 460 వోల్టుల దాకా తేడా రావచ్చు. న్యూట్రల్‌తో సహా అన్ని పోళ్లూ ఒకే హ్యాండిల్‌తో ఒకేసారి కదిలే స్విచ్ తప్ప దేన్నీ చేంజోవర్ అనుకోవద్దు. ఎదురెదురుగా రెండు ఎంసీబీలు పెట్టి, ఒకటి దించాకే ఇంకొకటి ఎత్తాలని చీటీ రాసిపెట్టడం కూడా ఈ బాపతే.

4 పోల్ చేంజోవర్ పెట్టించాం. జనరేటర్ నడుస్తున్నప్పుడు సాకెట్టులో టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది, కాస్త మసకగా. ఇల్లంతా రివర్సులో ఉందంటున్నారు. (రాజమహేంద్రవరం)

రివర్సు కాదు. రివర్సయితే ఒక రంధ్రంలోనే, అదీ నిండుగా వెలిగేది. మీ జనరేటర్ న్యూట్రల్ గాల్లో ఉంది. కరెంటోళ్ల సప్లయిలో న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కట్టి ఉంటుంది కాబట్టి నేల లెక్కన అది సున్నా. 4 పోల్ స్విచ్ ఆ న్యూట్రల్‌ను తెంచేసింది, అది మంచిదే. కానీ చిన్న జనరేటర్లలో చాలావాటికి లోపల వైండింగు రెండు కొసల్లో ఏదీ భూమికి కట్టి ఉండదు. అందుకని నేల లెక్కన రెండు తీగలూ చెరి సగం, దాదాపు 115 వోల్టులు పంచుకుంటాయి. టెస్టరు రెండింట్లోనూ మసకగా వెలగడానికి కారణం అది.

దీన్ని అలా వదిలేస్తే పెద్ద నష్టమేమిటంటే, మీ ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి పడిపోయే స్విచ్) ఉత్సవ విగ్రహమవుతుంది. గ్రైండరు బాడీకి ఫేజు తగిలినా, ఆ లీకేజీ భూమిలోంచి జనరేటర్‌కు తిరిగి చేరే దారి లేదు. దారి లేకపోతే ఆర్‌సీసీబీకి తేడా తెలియదు, పడిపోదు. మొదటి లీకేజీ ఎవరికీ తెలియకుండా నిలబడి ఉంటుంది. రెండోది ఇంకో తీగ మీద వచ్చినప్పుడు మధ్యలో మనిషి ఉంటే ఆయనే దారి.

పరిష్కారం: జనరేటర్ టెర్మినల్ పెట్టెలో న్యూట్రల్‌ను, ఎర్త్ టెర్మినల్‌ను 4 స్క్వేర్ ఆకుపచ్చ వైరుతో కలిపి, అక్కడినుంచి ఎర్త్ పిట్‌కు తీసుకెళ్లాలి. పిట్ మామూలుదే, 40 మి.మీ. జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పోసే గరాటు. వేసవిలో నీళ్లు పోయడం మరిచిపోతారు, అది వేరే సంగతి. న్యూట్రల్, ఎర్త్ కలిసేది ఈ ఒక్క చోటే ఉండాలి. మళ్లీ ఇంటి డీబీలో కలిపారంటే ఆర్‌సీసీబీ నిలబడదు, వేసినప్పుడల్లా పడిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇన్వర్టర్ రకం పెట్రోలు జనరేటర్ అయితే మాన్యువల్ చూడకుండా ఈ కలపడం చేయొద్దు. వాటిలో లోపలి ఏర్పాటు వేరుగా ఉండొచ్చు.

కట్టాక టెస్టరు ఒక్క రంధ్రంలోనే వెలగాలి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. కొన్ని 4 పోల్ ఆర్‌సీసీబీల్లో ఆ బటన్ రెండు ఫేజుల మధ్య కట్టి ఉంటుంది. మూడు ఫేజులూ ఒకటే అయినప్పుడు ఆ రెండింటి మధ్య వోల్టేజీ సున్నా, కాబట్టి బటన్ నొక్కినా పడదు. అంతమాత్రాన చెడిపోయినట్టు కాదు. లైను కరెంటు మీద బటన్ నొక్కి చూడండి, జనరేటర్ మీద మాత్రం లీకేజీ టెస్టరుతో చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

మాది పదేళ్ల కిందటి రెండంతస్తుల ఇల్లు. 10 కేవీఏ సింగిల్ ఫేజ్ జనరేటర్ మూడు ఫేజులకూ లూప్ చేసి, అంటే మూడింటినీ కలిపి, ఇచ్చారు. రెండు గంటలు నడిచాక మెట్ల దగ్గర బోర్డు నుంచి కాలిన వాసన. విప్పి చూస్తే ఫేజు వైర్లు నిక్షేపంగా ఉన్నాయి, నల్ల వైరు ఒక్కటే ఉబ్బి అతుక్కుపోయింది. పదేళ్లుగా రాని జబ్బు ఇప్పుడే ఎందుకొచ్చింది? (హనుమకొండ)

జబ్బు పదేళ్లుగా ఉంది, బయటపడే అవసరం రాలేదు. మీ ఇంట్లో పై అంతస్తుకు రెండు మూడు ఫేజులు తీసుకెళ్లి వాటన్నిటికీ ఒకే న్యూట్రల్ వేసి ఉంటారు. వైరు మిగిలితే కాంట్రాక్టరుకు లాభం, పైపులో చోటు కలిసొస్తుంది.

లైను కరెంటు మీద అది ఎలా తట్టుకుందో చూడండి. మూడు ఫేజులూ ఒకదానికొకటి 120 డిగ్రీలు తేడాగా ఉంటాయి. మూడింటి మీదా తలా 10 ఆంపియర్లుంటే న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగులుతుంది. రెండింటి మీద తలా 10 ఉండి మూడోది ఖాళీ అయినా న్యూట్రల్‌లో 10 కి మించదు. అదే జనరేటర్ లూపు మీద మూడూ ఒకే ఫేజు. కొట్టేసుకోవడం ఉండదు, కూడికే. పది, పది, పది కలిసి 30 ఆంపియర్లు. 2.5 స్క్వేర్ వైరు పైపులో ఉండి గంటల తరబడి అంత మోయలేదు. ఫేజు ఎంసీబీలు ఒక్కొక్కటి 10 చూసి ఊరుకుంటాయి. న్యూట్రల్‌కు ఎంసీబీ లేదు. 10 కేవీఏ జనరేటర్ 43 ఆంపియర్ల దాకా ఇస్తుంది కాబట్టి అక్కడి బ్రేకరూ పడదు. కాలేదాకా ఎవరికీ తెలియదు.

ఏ సర్క్యూట్లు న్యూట్రల్ పంచుకుంటున్నాయో పట్టడానికి క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది), ఒక ఇస్త్రీ పెట్టె చాలు. ఇది తెరిచిన డీబీ ముందు కరెంటుతో చేసే పని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కటే ఎత్తాలి. ఆ సర్క్యూట్‌లో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెడితే 4.3 ఆంపియర్లు లాగుతుంది. న్యూట్రల్ లింకు (నల్ల వైర్లన్నీ కలిసే పట్టీ) దగ్గర ఒక్కో నల్ల వైరుకూ క్లాంప్ తగిలిస్తే ఒక్కదాంట్లోనే ఆ 4.3 కనిపించాలి. ఆ వైరుకు టేపు చుట్టి నంబరు రాయాలి. తర్వాత ఇంకో ఎంసీబీ. ముందు నంబరేసిన వైరులోనే మళ్లీ కరెంటు కనిపించిందంటే దొంగ దొరికినట్టే.

దొరికాక ఆ రెండో సర్క్యూట్‌కు కొత్త న్యూట్రల్ లాగడం సరైన వైద్యం. పైపులో చోటు లేకపోతే జనరేటర్ వైపు మూడింటినీ లూప్ చేయకుండా, న్యూట్రల్ పంచుకునే సర్క్యూట్లలో ఒక్కదాని ఫేజుకే జనరేటర్ ఇవ్వండి, మిగతావి జనరేటర్ మీద చీకటిగా ఉంటాయి. అదీ కుదరకపోతే జనరేటర్ బ్రేకర్‌ను 16 ఆంపియర్లకు తగ్గించండి. 10 కేవీఏ కొని 16 ఆంపియర్లే వాడుకోవడం మనసుకు కష్టమే. చేంజోవర్ నుంచి డీబీకి వచ్చే మెయిన్ న్యూట్రల్ కూడా చూడండి. ఫేజుల కంటే సన్నంగా వేసి ఉంటే మార్పించాలి. 40 ఆంపియర్ల బ్రేకరుకు 10 స్క్వేర్ రాగి కావాలి.

ఉబ్బిన ఆ నల్ల వైరును మార్చకుండా ఇంటికి లైను కరెంటు వేయొద్దు, ఒక్క రాత్రికి కూడా. జనరేటర్ మీద న్యూట్రల్ తెగితే మహా అయితే దీపాలు ఆరిపోతాయి, మూడూ ఒకే ఫేజు కదా. లైను మీద తెగితే అలా కాదు. రెండు ఫేజుల లోడ్లు ఒకదాని వెనక ఒకటి చేరి 415 వోల్టులను పంచుకుంటాయి. తక్కువ లోడున్న వైపు, అంటే సాధారణంగా టీవీ, వైఫై, సెట్‌టాప్ బాక్సు ఉన్న వైపు, 300 దాటి పోతుంది. జనరేటర్ నడిచిన మర్నాడు, కరెంటు వచ్చాక టీవీలు కాలిపోయాయని వచ్చే ఉత్తరాల వెనక తరచుగా ఇదే ఉంటుంది. నింద మాత్రం వోల్టేజీ మీదికి పోతుంది.

మా బోరు మోటారు 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్. జనరేటర్ లూపు మీద స్టార్టరు నొక్కితే చడీచప్పుడు లేదు. మోటారు కాలిపోయిందా? (నల్గొండ)

కాలలేదు. మూడు తీగల మీదా ఒకే ఫేజు ఉంది, తీగకూ తీగకూ మధ్య తేడా సున్నా. తేడా లేనిదే కరెంటు పారదు. స్టార్టరు కాయిల్ 415 వోల్టులదైతే అదీ లాగదు. నిజానికి ఇది మోటారుకు క్షేమమైన స్థితి.

ప్రమాదం ఇంకో రకం కనెక్షన్‌లో ఉంది. లూపు లేకుండా ఒక్క ఫేజుకే జనరేటర్ ఇచ్చినప్పుడు, మోటారు స్టార్టరు ఎలాగో పట్టుకుని ఉందనుకోండి. జనరేటర్ ఫేజు మోటారు వైండింగు గుండా దాటి ఖాళీగా ఉన్న పసుపు, నీలం ఫేజుల మీదికి వస్తుంది. ఆ ఫేజుల్లో ఉన్న బల్బులు మసకమసకగా వెలుగుతాయి, ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి. ఆ ఫేజులో ఫ్రిజ్ ఉంటే దాని కంప్రెసర్ బలవుతుంది. లైనులో ఒక ఫేజు పోయినప్పుడు కనిపించే వింత కూడా ఇదే. జనరేటర్ వేసేముందు త్రీ ఫేజ్ మోటారు ఎంసీబీ దించండి.

నీళ్లు కావాలంటే దారేమిటి? సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్, త్రీ ఫేజ్ అవుట్‌పుట్ వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టెలు) 3 హెచ్‌పీ వరకు మామూలుగానే దొరుకుతాయి. కానీ 230 వోల్టులు లోపలికిస్తే బయటికి వచ్చేది కూడా 230 వోల్టుల త్రీ ఫేజే. మన దగ్గర 3 హెచ్‌పీ వరకు మోటార్లు 415 వోల్టులకు స్టార్‌లో (మూడు వైండింగుల ఒక్కో కొసను ఒకచోట ముడివేసి) కట్టి వస్తాయి. ఆరు కొసలూ బయటికుంటే డెల్టాగా (మూడింటినీ త్రిభుజంలా కలిపి) మార్చి 230 మీద నడపొచ్చు. పైన బిగించే మోనోబ్లాక్ పంపులలో అది చాలావరకు కుదురుతుంది. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్‌కు మూడు కొసలే పైకి వస్తాయి, స్టార్ ముడి లోపలే ఉంటుంది. అది మారదు. మీకైతే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఒకటి సంపు నుంచి ట్యాంకుకు పెట్టుకుని, సంపును లైను కరెంటు ఉన్నప్పుడు నింపుకోవడం తక్కువ ఖర్చు. అది నడిచేటప్పుడు సుమారు 1.1 కిలోవాట్లు తీసుకుంటుంది.

సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, ఆన్ గ్రిడ్. బ్యాటరీ ఇన్వర్టరు కూడా ఉంది. జనరేటర్ వేశాక మధ్యాహ్నం పూట వోల్టేజీ 260 దాటుతోంది, ఇంజను ఉరుకుతోంది. ఇన్వర్టరేమో జనరేటర్ మీద చార్జింగే తీసుకోవడం లేదు. (తిరుపతి)

రెండు వేర్వేరు జబ్బులు. సోలార్ లైనును చేంజోవర్‌కు ఇంటి వైపున కలిపి ఉంటారు. ఆన్ గ్రిడ్ ఇన్వర్టరు లైను ఉంటేనే పనిచేస్తుంది, లైను పోతే ఆగిపోవాలి. మీ జనరేటర్ ఇచ్చే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ చూసి అదే లైననుకుని అతుక్కుంటోంది. మధ్యాహ్నం ప్యానెళ్లు రెండున్నర కిలోవాట్లు ఇస్తుంటే ఇంట్లో 800 వాట్లే ఖర్చవుతుంటే, మిగిలినదంతా జనరేటర్‌లోకి వెనక్కి తోస్తుంది. ఆల్టర్నేటరు (జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగం) మోటారులా మారి ఇంజనును తిప్పుతుంది. ఇలా సాగితే ముందు ఏవీఆర్ (వోల్టేజీని అదుపు చేసే పరికరం) పోతుంది, తర్వాత వైండింగు. ఈ రోజే సోలార్ ఏసీడీబీ (సోలార్ కరెంటు ఇంట్లోకి వచ్చే పెట్టె) బ్రేకరు దించండి, తర్వాత సోలార్ వాళ్లను పిలిచి కనెక్షన్‌ను చేంజోవర్‌కు ముందు, మీటరు వైపుకు మార్పించండి. అప్పుడు జనరేటర్ సోలార్‌కు కనపడదు. కరెంటు లేనప్పుడు సోలార్ ఆగుతుంది, అది ఆన్ గ్రిడ్ స్వభావమే.

బ్యాటరీ ఇన్వర్టరు వెనక ఒక మీట ఉంటుంది, యూపీఎస్, నార్మల్ అని. యూపీఎస్‌లో ఉంటే వోల్టేజీ కాస్త కదిలినా జనరేటర్‌ను ఒప్పుకోదు. నార్మల్‌కు మార్చండి. అయినా తీసుకోకపోతే జనరేటర్ స్పీడు చూడాలి. ఖాళీగా తిరిగేటప్పుడు 51.5, 52 హెర్ట్‌జ్ దగ్గర పెడితే నిండు లోడు మీద 50 కి దిగుతుంది. మెకానిక్ చెవితో విని గవర్నరు (ఇంజను స్పీడును నిలకడగా ఉంచే భాగం) బిగిస్తే 54, 55 కి పోతుంది. ఫ్రీక్వెన్సీ చూపించే మీటరు తెమ్మనండి.

జనరేటర్ వానకు తడవకుండా సెల్లార్‌లో పెట్టొచ్చా? (గుంటూరు)

వద్దు. మెట్ల కింద, షట్టరు దించిన గ్యారేజీలో కూడా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పైగదిలో నిద్రపోతున్నవాళ్లకు తెలియదు. బయట, ఏ కిటికీకీ ఎదురుగా కాకుండా పెట్టి, సైలెన్సరు గొట్టం ఇంటికి అవతలివైపు తిప్పండి. నేలకు అరడుగు ఎత్తున సిమెంటు దిమ్మె, పైన రేకు కప్పు, నాలుగు వైపులా గాలి ఆడాలి. టార్పాలిన్ కప్పి నడిపితే వేడికి అదే అంటుకుంటుంది. వేడిగా ఉన్న ఇంజనులో డీజిల్ పోయొద్దు. పూర్తి లోడు మీద 5 కేవీఏ ఇంజను గంటకు సుమారు లీటరున్నర తాగుతుంది కాబట్టి, ట్యాంకు ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే లెక్క వేసుకుని, ఆపి, చల్లారాక నింపండి.